రంగం నుంచి వచ్చిన కత్తి ఏ ప్రాంతానిది? పని డైరీ

కత్తి నాది కాదు, మా పెద్దమ్మ వాళ్ళింట్లోది. శ్రీకాకుళం జిల్లా, సముద్రం పక్క ఊరు. పెద్దనాన్నగారి తండ్రి రంగూన్‌లో, మా వాళ్ళ మాటలో చెప్పాలంటే రంగంలో, ఓడరేవు పని చేసి 1942లో తిరిగొచ్చారు. కత్తి ఆయనతో వచ్చింది. ఇంట్లో అందరూ దాన్ని జపాను కత్తి అంటారు. జపాను సైనికుడి దగ్గర లాక్కున్నదని కథ.

ఉత్తరాంధ్రలో రంగం వెళ్ళొచ్చిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇలాంటి కత్తి ఇంకొకరి అటక మీదా ఉండొచ్చు. వాళ్ళ కోసమే ఈ డైరీ. ఫలితం ఇవ్వని పరీక్షలు కూడా రాశాను, వాటి మీద మీరు డబ్బు తగలేయకండి.

ముందే రెండు జాగ్రత్తలు. కత్తిని బస్సులో, కొరియర్‌లో తిప్పకండి. ఇంత పొడవు కత్తి ఆయుధాల చట్టం కిందికి వస్తుంది, మీ జిల్లాలో నిబంధన ఏమిటో స్టేషన్‌లో కనుక్కోండి. వందేళ్ళు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది, దేశం దాటించకూడదు. నేను కత్తిని ఆ ఇల్లు కదిలించలేదు. పరికరాలే అక్కడికి మోసుకెళ్ళాను.

దశ 1: కొలతలు

1. కత్తిని తెల్ల గుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలుంచి, రెండు వైపులా ఫోటోలు. వెన్ను పైనుంచి ఒకటి, మొన దగ్గర ఒకటి, పిడి చివర ఒకటి.
2. టేపుతో పొడవులు, డిజిటల్ కాలిపర్‌తో మందాలు.
3. వంటింటి కాటా మీద బరువు.
4. వేలి మీద నిలబెట్టి, తూగే చోటుకి గుర్తు.

వచ్చినవి ఇవి. మొత్తం పొడవు 83.5 సెం.మీ. అందులో అలుగు (కోసే భాగం) 57, పిడి 26.5. అంటే పిడి వాటా దాదాపు 32 శాతం. అలుగు వెడల్పు పిడి దగ్గర 2.6 సెం.మీ., మొనకి ముందు 3.3. వెన్ను మందం పిడి దగ్గర 7.5 మి.మీ., మధ్యలో 5.2, మొన దగ్గర 3. వంపు లోతు 2.1 సెం.మీ. బరువు 690 గ్రాములు. పిడి నుంచి 11 సెం.మీ. ముందుకి తూగుతుంది. చేతికి అడ్డుపట్టీ లేదు, ఒకప్పుడు ఉన్న ఆనవాలు కూడా లేదు. పిడిని ఎటు తిప్పి కొలిచినా వ్యాసం 29 మి.మీ. దగ్గరే, గుండ్రం.

జపాను పెద్ద కత్తికి అలుగు 60.6 సెం.మీ. దాటాలి. అంతకన్నా తక్కువుంటే పొట్టి కత్తుల జాతి. పిడి అక్కడ కోడిగుడ్డు ఆకారంలో నొక్కినట్టుంటుంది, గుండ్రంగా ఉండదు. అయినా ఒక్క కొలతతో కొట్టెయ్యకూడదని నాలుగు ప్రాంతాలకి మార్కుల పట్టిక వేసుకున్నాను.

ఇప్పటికి మార్కులు: జపాన్ −1, బర్మా మైదానం +1, షాన్–ఉత్తర థాయ్ (తూర్పు బర్మా కొండలు, వాటి పక్క థాయ్‌లాండ్) +1, కచిన్ (ఉత్తర బర్మా కొండ జాతి) −1. కచిన్‌కి మైనస్ ఎందుకంటే వాళ్ళ కత్తులు చివరికి పోనుపోను బాగా వెడల్పై, మొన కోసేసినట్టు మొండిగా ఆగుతాయి. దీని మొన సన్నగా పైకి లేచింది.

ఇప్పటికి ఖర్చు: కాలిపర్ 350, పది రెట్ల భూతద్దం 180. మొత్తం 530 రూపాయలు.

దశ 2: తుప్పు, పసుపు, కుంకుమ

ఎక్కువ కాలం తిన్న దశ ఇదే. ఏటా విజయదశమికి ఆయుధ పూజలో ఈ కత్తికి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఎవరూ తుడవలేదు. దశాబ్దాల పసుపు, కుంకుమ, నూనె, దుమ్ము కలిసి పిడి పక్కన మూడు వేళ్ళ వెడల్పున గట్టి పెచ్చు కట్టింది. గోరు దిగదు. దాని అంచుల్లో చెమ్మ నిలిచి సన్న గుంటలు పడ్డాయి.

గీకుతానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఒరే, పూజ చేసిన కత్తిరా, గరుకు కాగితం పెట్టి తోమేస్తావేటి?" అంది. గరుకు కాగితం వద్దన్న మాట అక్షరాలా సరైనది. ఇనుప బ్రష్, గ్రైండర్, చింతపండు కూడా వద్దు. రెండో వైపు ఎవరో ఎప్పుడో చింతపండుతో తోమినట్టున్నారు, అటు లోహం బూడిద రంగులో బోసిగా ఉంది. పులుపు తుప్పుతో పాటు కింది నల్లపొరని కూడా తినేస్తుంది. ఆ నల్లపొరలోనే మనకి కావలసిన సాక్ష్యం ఉంటుంది.

పనిచేయని పద్ధతులు: ఉత్త ఎసిటోన్ (పైన జిడ్డు పోయింది, పెచ్చు కదల్లేదు), గోరువెచ్చని నీళ్ళు (పెచ్చు ఉబ్బింది, మర్నాటికి పక్కన కొత్త తుప్పు పొడి రాలింది, వెంటనే ఆపేశాను).

పనిచేసినది:

1. కుట్టు మిషను నూనెలో ముంచిన పత్తి గుడ్డని పెచ్చు మీద వేయడం.
2. పైన పాలిథీన్ కవరు చుట్టి రాత్రంతా వదలడం.
3. పొద్దున్న వెదురు బద్దని ఉలిలా చెక్కి, అడ్డంగా కాకుండా అంచు నుంచి లేపడం. బద్ద మొద్దుబారగానే మళ్ళీ చెక్కుకోవాలి.
4. వచ్చిన పొడిని తుడిచి, మళ్ళీ నూనె.

పెచ్చు పొరలు పొరలుగా లేచింది. ఒక పొర ఎర్రగా, కిందిది పసుపుగా, దాని కింద నల్లగా. నల్లపొర మీద భూతద్దం పెడితే వెండి మెరుపు కనిపించింది. సన్నని వెండి తీగ, ఉంగరాల్లాంటి గుండ్రటి గీతలు వరసగా. అక్షరాలు. అక్కడితో బద్ద పక్కన పెట్టేసి, ఆ చోట దూది పుల్లతోనే మిగతా పని చేశాను. కత్తిని కాపాడింది పూజే అనాలి. పెచ్చు లేకపోతే చింతపండు ఇటు వైపుకి కూడా వచ్చేది.

మార్కులు మారలేదు, అక్షరాలు చదివే దాకా ఏమీ వేయకూడదనుకున్నాను. ఖర్చు: నూనె, గుడ్డ, ఎసిటోన్, చేతి తొడుగులు 310. మొత్తం 840.

దశ 3: గట్టిదనం పరీక్ష, దారి తప్పించిన పరీక్ష

జపాను కత్తుల్లో అంచు గట్టిగా, వెన్ను మెత్తగా ఉండేలా నీరు పోస్తారు, అంటే కాల్చి నీళ్ళలో ముంచుతారు. ఆ హద్దు అలలా కనిపిస్తుంది. అది ఉందో లేదో చూద్దామనుకున్నాను.

మొదట ఆకురాయి. తుప్పు తిన్న చోట వెన్ను మీద మెల్లగా ఆనిస్తే పట్టింది. అంచు మీద జారిపోయింది. అంటే అంచు గట్టిది.

తర్వాత ఫెర్రిక్ క్లోరైడ్. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్ముతారు. ఒక వంతుకి పది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, చింతపండుతో ముందే పాడైన వైపు రెండు సెం.మీ. మేర మాత్రమే రాశాను. మొదటిసారి మచ్చలు మచ్చలుగా వచ్చి ఏమీ తెలియలేదు. గుంటల్లో నూనె మిగిలిపోయింది. ఎసిటోన్‌తో బాగా తుడిచి, ఇరవై సెకన్లు ఉంచి, వంటసోడా నీళ్ళతో ఆపి, ఆరబెట్టి వెంటనే నూనె పట్టించాక లోహం రెండు రంగులుగా విడిపోయింది. అంచు నుంచి 6 మి.మీ. లోపల హద్దు. నిర్మల్ దగ్గర కోనసముద్రంలో తీసిన మూస ఉక్కుతో (మట్టి మూసలో కరిగించిన ఉక్కు) చేసిన కత్తుల్లో నీటి సుడుల్లాంటి చారలుంటాయి, అవేవీ లేవు. ఉత్త హద్దే. జపాన్‌కి +1 పడి 0కి వచ్చింది.

ఇక్కడ మా ఊరి కమ్మరికి ఫోటో చూపించాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "అంచు ఒక్కటే నీళ్ళలో ముంచుతాం బాబూ. మొత్తం ముంచితే రాయి తగిలినప్పుడు విరుగుద్ది. కొడవలికైనా అంతే" అన్నాడు. బర్మా కత్తుల్లో కూడా అంచుకి మాత్రమే నీరు పోసినవి దొరుకుతాయి. అంటే ఈ పరీక్ష కత్తి చేసినవాడికి పని తెలుసని చెప్పిందే గానీ అతని ఊరు చెప్పలేదు.

అందుకని మార్కుల నియమం మార్చాను. రెండు మూడు చోట్ల దొరికే లక్షణానికి ఎవరికీ ప్లస్ లేదు. ఒక ప్రాంతంలో ఉండకూడనిది కనిపిస్తే ఆ ప్రాంతానికి మైనస్. ఒక్క చోటే దొరికేదానికి మాత్రమే ప్లస్. మళ్ళీ లెక్కేస్తే జపాన్ −1, బర్మా 0, షాన్–ఉత్తర థాయ్ 0, కచిన్ −1.

ఖర్చు: రసాయనం 90, నీళ్ళు 30. మొత్తం 960. ఈ 120 రూపాయలు మీరు మిగుల్చుకోవచ్చు.

దశ 4: పిడి లోపల ఏముంది

కథని కూల్చింది ఈ దశ. జపాను కత్తికి పిడిలోకి వెళ్ళే తోక పొడవుగా, పిడిలో చాలా భాగం నిండేలా ఉంటుంది. దానికో చిల్లు, పిడికి ఎదురుగా ఇంకో చిల్లు, రెంటినీ కలిపి వెదురు చీల. చీల తీస్తే పిడి ఊడొస్తుంది. ఇక్కడ పిడి మీద వెండి రేకు చుట్టి ఉంది, చీల ఆనవాలే లేదు. పిడి కొద్దిగా కదులుతోంది గానీ లాగి చూడలేదు. లాగితే రేకు చిరుగుతుంది.

తోక ఎంత పొడవో తెలియాలి. ఫోన్‌లో అయస్కాంత క్షేత్రం చూపించే యాప్ పెట్టి చూస్తే అలుగు దగ్గరికి రాగానే అంకె గరిష్ఠానికి పోయి అక్కడే కూర్చుంది. కత్తికే కాస్త అయస్కాంతం పట్టినట్టుంది. యాప్ దండగ.

పనిచేసినది:

1. పాడైన హార్డ్ డిస్కులోంచి చిన్న అయస్కాంతం ముక్క తీసి దారానికి కట్టడం.
2. పిడి పక్కన కాగితం పట్టీ మీద సెంటీమీటరుకో గీత.
3. అయస్కాంతాన్ని గీత గీతకీ వేలాడదీసి, పిడి వైపు ఎంత వంగుతుందో రాసుకోవడం.

వెండి, చెక్క లాగవు, లోపలి ఇనుమే లాగుతుంది. 9 సెం.మీ. దాకా గట్టిగా లాగింది, 10 దగ్గర నీరసించింది, ఆ తర్వాత పిడి చివరి దాకా కదలిక లేదు. 26.5 సెం.మీ. పిడిలో తోక 10 మించదు.

పిడికీ అలుగుకీ మధ్య పొన్ను కింద నుంచి నల్లటి పెళుసు రవ్వ ఒకటి రాలింది. కాల్చిన సూది ఆనిస్తే మెత్తబడి సాగింది, కంసాలి కొట్లో వచ్చే లక్క వాసన. పొట్టి తోకని లక్కలో కూర్చి బిగించారు. మన దేశపు తల్వార్ పిడుల్లో కూడా తోకని ఇలా బంకతోనే పట్టిస్తారు, బర్మా, థాయ్ కత్తుల్లో ఇదే అలవాటు. (మీ కత్తి పిడి వదులుగా ఉంటే ఎండలో పెట్టకండి, వేడినీళ్ళు పోయకండి. పిడి చేతిలోకి వచ్చేస్తుంది.)

రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సార్జెంట్లకిచ్చిన 1935 నమూనా కత్తి ఏమో అని కూడా చూశాను. దానికి పిడి పోతపోసిన లోహం, అలుగు మీద కొట్టిన వరస సంఖ్య ఉంటాయి. ఇక్కడ రెండూ లేవు.

మార్కులు: జపాన్ −4, పట్టికలోంచి అవుట్. కచిన్ −2, వాళ్ళ పిడులు ఎక్కువగా సాదా చెక్క, దీనికి వెండి రేకు, చివర తామర మొగ్గ. బర్మా 0, షాన్–ఉత్తర థాయ్ 0. ఖర్చు లేదు. మొత్తం అదే 960.

ఇదే సమయంలో పెద్దమ్మ పాత ట్రంకుపెట్టెలో ఒక పోస్టు కార్డు దొరికింది. తాతగారు కాకినాడ రేవులో దిగి ఇంటికి రాసింది, ముద్రలో 1942 ఫిబ్రవరి. రంగూన్ జపాను చేతికి చిక్కింది 1942 మార్చి 8న. 1941 డిసెంబరు 23 బాంబుల తర్వాత పారిపోయిన జనంలో ఆయన ఒకరు, జపాను సైనికుడు ఊళ్ళోకి రాకముందే ఓడెక్కేశారు. కత్తి లాక్కోవడానికి మనిషే లేడు. ఈ సంగతి ఇంట్లో చెప్పాక పెద్దమ్మ కొడుకు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

దశ 5: అక్షరాలు

బర్మా భాష చదవగలిగినవాళ్ళు మనకి దూరమేమీ కాదు. 1962లో అక్కడ సైన్యం అధికారం తీసుకున్నాక, 1964లో దుకాణాలు జాతీయం చేశాక తిరిగొచ్చిన తెలుగువాళ్ళు విశాఖలో ఉన్నారు, బర్మా క్యాంపు అనే పేటే ఉంది. రంగూన్ బళ్ళో చదువుకున్న ఒక పెద్దాయన ఫోటోలు చూస్తానన్నారు.

మొదటి ఫోటోలు పనికిరాలేదు. ఫ్లాష్ వేస్తే వెండి, తడి నూనె రెండూ ఒకేలా మెరిశాయి. మార్చిన పద్ధతి:

1. నూనె పూర్తిగా తుడిచి, గది చీకటి చేయడం.
2. టార్చిని అలుగుకి దాదాపు సమాంతరంగా పెట్టి ఒక పక్క నుంచే వెలుతురు.
3. ఫోన్ని స్టాండులో బిగించి, టార్చిని గడియారం ముల్లులా ఎనిమిది దిక్కులకి తిప్పుతూ ఒక్కో ఫోటో.
4. ఎనిమిదీ పెద్దగా ప్రింటు తీసి పక్కపక్కన పెట్టడం.

వెండి రాలిపోయిన చోట కూడా కింద ఉలి గాట్లు మిగిలాయి. ఏటవాలు వెలుతురులో ఆ గాట్లు నీడ వేశాయి. పెద్దాయన మొదటి ప్రింటు చూసి నాలుగు అంకెలు చదివారు: 1219. ఆ అంకెల తర్వాత "చేయించిన" అనే అర్థమొచ్చే బర్మా మాట ఉంది. ఊరు పేరు ఉండాల్సిన చోట తుప్పు గుంట.

బర్మా శకానికి 638 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1219 అయితే 1857. అక్షరాల కింది నల్లపొర అంత పాతగా నాకు అనిపించలేదు, వెండి గీతల అంచులు అరిగి మొద్దుబారలేదు. మూడో అంకె మీద మళ్ళీ కూర్చున్నాం. బర్మా ఒకటి తెరిచిన ఉంగరంలా లోపలికి వంగుతుంది. ఏడుకి కుడివైపు కాలు కిందికి దిగుతుంది. వెండిలో కాలు లేదు. ఎడమ నుంచి టార్చి వేసిన ప్రింటులో ఉలి గాట్లు మాత్రం కిందికి దిగి 2 మి.మీ. దాకా వెళ్ళాయి. తీగ ఊడిపోయి కాలు మాయమైంది. బర్మా ఏడు, "ర" అక్షరం ఒకేలా ఉంటాయి గానీ అంకెల మధ్య అక్షరం రాదు. కాబట్టి 1279. అంటే 1917 ఏప్రిల్ నడుమ మొదలై 1918 ఏప్రిల్‌తో ముగిసే సంవత్సరం. ఊడిన తీగ ముక్క మీద అరవై ఏళ్ళ తేడా వచ్చింది.

ఉత్తర థాయ్‌లాండ్‌లోని లన్నా లిపిలో అంకెలు బర్మా అంకెలకి దగ్గరగా ఉంటాయి, శకమూ అదే. అందువల్ల అంకెల మీద మార్కు వేయలేదు. కానీ వెనకున్న మాట బర్మా భాషలో ఉంది, దానికి +2. బ్యాంకాక్ వైపు పని కాదని మాత్రం సంవత్సరమే చెబుతోంది, అక్కడ 1913 నుంచి బుద్ధ శకం వాడుకలోకి వచ్చింది. 1917ని వాళ్ళు 2460 అని రాస్తారు.

మార్కులు: బర్మా +2, షాన్–ఉత్తర థాయ్ 0, కచిన్ −2. ఖర్చు: ప్రింట్లు, విశాఖకి బస్సు ఛార్జీలు 420. మొత్తం 1,380.

దశ 6: వెండి, ఒర

ఊడిపోయి విడిగా ఉన్న చిన్న రేకు ముక్కని హాల్‌మార్కింగ్ చేసే చోట కారట్ మీటర్ మీద పెట్టించాను. వెండి 87 శాతం, మిగతాది దాదాపు అంతా రాగి. ఇది ఏ ఊరు వెండో చెప్పదు. 200 రూపాయలు వృథా.

రేకు మీది పని కాస్త చెప్పింది. పిడి మీద మూడు చోట్ల మెలితిప్పిన వెండి తీగ పట్టీలున్నాయి. షాన్ కొండల పనిలో, లన్నా పనిలో ఈ మెలితీగ ఎక్కువగా కనిపిస్తుంది. బ్రిటిష్, అమెరికన్ మ్యూజియాలు ఆన్‌లైన్‌లో పెట్టిన బర్మా కత్తుల ఫోటోలతో పోల్చాను. అలుగు ఆకారం బర్మావాటితో, పిడి షాన్ అని రాసినవాటితో దగ్గర పడింది. అలుగు ఒకచోట, పిడి ఇంకోచోట చేయించుకోవడం ఏ దేశంలోనైనా మామూలే. కనుక పిడి మార్కుని అలుగు ఖాతాలో వేయకూడదు. పట్టికని రెండుగా చీల్చాను: అలుగుకి బర్మా +2, పిడికి షాన్–ఉత్తర థాయ్ +1.

ఒర రెండు చెక్క దోనెలు, పైన పేము కట్లు. ఏడు కట్ల ఆనవాళ్ళలో మిగిలినవి నాలుగు. భుజానికి వేసుకునే తాడు కట్టిన చోట చెక్క నున్నగా అరిగింది. ప్రాంతం తేల్చేది అందులో ఏమీ దొరకలేదు.

ఖర్చు మొత్తం 1,580.

దశ 7: చీటీ, దాచడం

ఇంట్లో కత్తితో పాటు ఉంచడానికి చీటీ రాశాను:

"అలుగు: బర్మా. బర్మా లిపిలో 1279 (క్రీ.శ. 1917–18). అంచుకి నీరు పోసిన ఉక్కు. పిడి: షాన్ తరహా వెండి పని, లక్కతో బిగింపు. రంగూన్ నుంచి 1942లో వచ్చింది. జపాను కత్తి కాదు."

చివరి వాక్యం తీసేయమని పెద్దమ్మ కొడుకు అడిగాడు. తీయలేదు.

1. అలుగంతా ఎసిటోన్‌తో తుడిచి, పలచగా మైనం పూత. పూజ గదిలో ఉండేది కాబట్టి నూనె కన్నా మైనం నయం, దుమ్ము పట్టదు.
2. ఒరలో పెట్టి ఉంచొద్దు. పాత చెక్క చెమ్మ పీలుస్తుంది. కత్తి విడిగా, ఒర విడిగా, నూలు గుడ్డలో.
3. పెట్టెలో సిలికా జెల్ సంచులు, వానాకాలం ముందు మార్చాలి.
4. దసరాకి బొట్టు పెట్టేది ఒరకి. పెద్దమ్మతో బేరం ఇక్కడ కుదిరింది. పసుపు మాత్రం వెండి పిడికి కొంచెం రాస్తానంది, సాయంత్రానికల్లా తుడిచే షరతు మీద ఒప్పుకున్నాను.

మైనం, గుడ్డ, సిలికా జెల్ 540. మొత్తం ఖర్చు 2,120. ఇందులో అక్కర్లేనిది రసాయనానికి 120, కారట్ మీటర్‌కి 200. మళ్ళీ ఇలాంటి కత్తి చేతికొస్తే అయస్కాంతం, టార్చి ముందు తీస్తాను. రెండూ ఇంట్లో ఉన్నవే. ఒరకి ఊడిన మూడు పేము కట్లు అల్లించే పని మిగిలింది. బుట్టలల్లే ఆయన వానలు తగ్గాక రమ్మన్నాడు.